ఇద్దరికీ ఒకే కొలత

రెండోసారి కూడా చుక్క ఎర్రబడింది.

ఆ చుక్క సంగతేమిటో ముందు చెప్పాలి, లేకపోతే మిగతాదేదీ అర్థం కాదు. కొండ మీద చిన్న ఆసుపత్రి ఒకటుంది. అక్కడ తీసిన రక్తాన్ని గాజు గొట్టాల్లో పోసి, మూతలు బిగించి, చల్లటి డబ్బాలో పెట్టి కిందనున్న పెద్దాసుపత్రి ల్యాబుకు పంపిస్తారు. మధ్యలో పద్దెనిమిది మలుపుల రోడ్డు. గతుకులు లెక్కపెట్టడం ఎవరి వల్లా కాదు. కారయితే గంటంబావు, మోటారుసైకిలయితే నలభై నిమిషాలు. రక్తమేమో మహా సున్నితం. ఎక్కువ కుదిపితే లోపల్లోపలే పాడైపోయి పరీక్షకు పనికిరాకుండా పోతుంది. అందుకని డబ్బా మూత మీద చిన్న స్టిక్కరు అంటిస్తారు. దాని మధ్యలో తెల్ల చుక్క ఉంటుంది. హద్దు మీరి కుదుపు తగిలిందా, ఆ చుక్క ఎర్రగా అయిపోతుంది. ఇక దాన్ని తెల్లగా చెయ్యడం ఎవరి తరమూ కాదు.

"ఎర్రగానే ఉందమ్మా" అన్నాడు పరీక్ష పెట్టే ఆఫీసరు, డబ్బాను ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని. ఆయన కళ్లద్దాలు సీసా అడుగంత మందం. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని సోడాబుడ్డి అంటారు. ఆయనకూ తెలుసు, ఏమీ అనుకోడు. "టైము ముప్పైతొమ్మిది నిమిషాలు, బాగానే ఉంది. కానీ చుక్క ఎర్రగా ఉంది. ఇంకొక్క అవకాశం. గురువారం పొద్దున తొమ్మిదింటికి. అప్పుడూ ఇంతే అయితే ఈ ఉద్యోగం ఇంకొకరికి ఇస్తాం."

బండి మీంచి దిగిన చెల్లి హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుంది. మాట్లాడింది పక్కనే నిలబడ్డ అక్క.

"బండిలో లోపం లేదు సార్. నా చేత్తో బిగించాను. అది వట్టి కంగారు పిల్ల, మలుపు కనిపిస్తే చాలు చెయ్యి వణుకుతుంది. గురువారానికి ధైర్యం చెప్పి తీసుకొస్తాను."

సోడాబుడ్డి తలూపి కాగితం మీద రాసుకున్నాడు: బండి బాగుంది, నడిపేవారిలో తడబాటు ఉంది. చెల్లి ఆ అక్షరాలను తలకిందులుగానే చదువుకుంది. చదివి అక్క మొహంలోకి ఒక్కసారి చూసింది. అంతే.

వాళ్లిద్దరూ కవలలు. అక్క పది నిమిషాల ముందు పుట్టింది. ఆ పది నిమిషాలనూ ముప్పై ఆరేళ్లుగా వాడుకుంటూనే ఉంది. చిన్నప్పుడు దర్జీ దగ్గరికి ఇద్దర్నీ తీసుకెళ్లడం దేనికని వాళ్లమ్మ అక్కనొక్కదాన్నే తీసుకెళ్లి కొలతలిచ్చి, రెండు జతలు కుట్టించేది. చెప్పులైనా అంతే. ఒకసారైతే ఫొటో తీసే రోజున చెల్లికి జ్వరమొచ్చింది. అక్కే రెండుసార్లు కూర్చుని రెండు ఫొటోలు దిగి వచ్చింది. బళ్లో ఎవరూ కనిపెట్టలేదు. ఆ ఫొటో ఇప్పటికీ చెల్లి సర్టిఫికెట్టు మీద ఉంది.

అక్క మోటారుసైకిళ్ల షెడ్డు పెట్టుకుంది. అన్ని రిపేర్లూ చెయ్యదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కులు, వెనక కుదుపు మింగే షాక్ అబ్జార్బరు, వాటి స్ప్రింగులు, వాటి నూనె, అంతే ఆమె పని. బండి ఇంజను ఎంత బలంగా ఉన్నా చక్రం నేలను వదిలిందంటే ఆ బలమంతా గాల్లోనే కదా అంటుంది. మలుపులో బండి బయటికి జారిపోతోందని, గతుకు మీద నడుము విరుగుతోందని, బ్రేకు వేస్తే ముక్కు నేలకు వంగుతోందని ఎక్కడెక్కడి వాళ్లో వెతుక్కుంటూ వస్తారు. ఎవరొచ్చినా సరే, ముందు తూకం. షెడ్డు గుమ్మంలోనే తూకం మిషను ఉంటుంది. హెల్మెట్టూ బూట్లూ తొడుక్కుని దాని మీద ఎక్కాలి. తర్వాత బండి మీద కూర్చోబెట్టి, బండి ఎంత కుంగిందో టేపు పెట్టి కొలుస్తుంది. స్ప్రింగు తన దారిలో మూడో వంతు కుంగాలి. అంతకన్నా తక్కువ కుంగితే గట్టి, ఎక్కువ కుంగితే మెత్తన. ఒకాయన సిగ్గుపడి తూకం ఎక్కనంటే, "అయితే బస్సెక్కండి" అని పంపేసింది. బరువులన్నీ పుస్తకంలో రాసి పెట్టుకుంటుంది.

చెల్లిది ఆసుపత్రిలోనే ల్యాబు కౌంటరు. గొట్టాలకు పేర్ల చీటీలు అంటించడం పని. కొండమీది నుంచి వచ్చే డబ్బాల్లో చెడిపోయినవి పక్కన పెడుతూ పెడుతూ మూడేళ్లు గడిచాయి. ఒక ముసలమ్మ దగ్గరైతే ఒకే పరీక్షకు మూడుసార్లు రక్తం తీశారు, మూడుసార్లూ దారిలోనే పాడైంది. నాలుగోసారి ఆమె చెయ్యి చాపలేదట. ఆ సంగతి విన్నప్పటి నుంచి చెల్లికి ఆ డబ్బా తనే తేవాలని పట్టుదల. ఇన్నాళ్లకు ఆ ఖాళీ పడింది. బండి ఎవరిది వాళ్లే తెచ్చుకోవచ్చన్నారు.

అక్క ఊరుకుంటుందా? చెల్లి పాత బండిని షెడ్డులోకి తోయించింది. ముందువైపు స్ప్రింగులు తీసేసి కొత్తవి వేసింది. ఫోర్కుల్లో నూనె మార్చింది. వెనక అరిగిన షాకు పీకేసి, మరలు తిప్పి సర్దుకునే మంచి షాకు బిగించింది. డబ్బా ఎనిమిది కిలోలుంటుందంటే, ఇసుక తూచి సంచిలో పోసి, డబ్బా ఉండాల్సిన చోటే కట్టింది. ఇక మనిషి కూర్చోవాలి. చెల్లికేమో ఆ వారమంతా డ్యూటీలు.

"అదెందుకు, నేను కూర్చుంటే అది కూర్చున్నట్టే" అంది అక్క. కూర్చుంది. వాళ్లమ్మ చేత టేపు పట్టించింది. మూడో వంతు చక్కగా కుదిరింది. కొండ రోడ్డు మీద తనే నడిపి చూసుకుంది. బండి వెన్నలా పోయింది.

మరి చెల్లి ఎక్కితే ఎందుకు ఎగురుతోంది?

రెండో పరీక్ష అయిన సాయంత్రం షెడ్డులో ఇద్దరికీ మాటా మాటా వచ్చింది.

"పదకొండో మలుపు దగ్గర వరసగా గతుకులున్నాయి కదా, అక్కడ వెనక చక్రం నేలమీద ఆనడం లేదక్కా. గుర్రం తన్నినట్టు తంతోంది" అంది చెల్లి.

"నాకు తన్నలేదే."

"మలుపులో ముందు చక్రం బయటికి లాగుతోంది. నేను లోపలికి వాలుతున్నాను, అది రానంటోంది."

"నువ్వు సగం వాలి ఆగిపోతున్నావ్. భయం! భయమున్న మనిషికి ఏ బండైనా తంతుంది."

"నాకు భయమా? చిన్నప్పుడు గోడ మీంచి ముందు దూకిందెవరు?"

"నేనే!"

"నువ్వు తోస్తే నేను దూకాను. ముందు పడింది నేను." చెల్లి గొంతు పెంచలేదు. "నువ్వాయనతో ఏం చెప్పావో నాకు వినపడింది. ఆయన రాసుకున్నదీ చదివాను. ఒకమాట చెప్పు. షెడ్డుకొచ్చే ఏ మనిషైనా బండి తంతోందంటే, నీకు భయం పొమ్మంటావా?"

అక్క లేచి బండి వైపు నడిచింది. "ఇప్పుడే వెళ్లొస్తాను. ఖాళీ డబ్బాకు కొత్త స్టిక్కరు పెట్టు. తెల్ల చుక్కతో తిరిగొస్తే నోరు మూసుకుంటావా? నీ జాకెట్టు ఇలా ఇయ్యి."

ఆసుపత్రి వాళ్లు పరీక్ష కోసమిచ్చిన జాకెట్టు అది. మోచేతుల దగ్గర మందంగా ఉండి, మెడదాకా జిప్పు ఉంటుంది. చెల్లి విప్పి ఇచ్చింది. అక్క చేతులు దూర్చింది. చేతులైతే దూరాయి. జిప్పు కింద కలిపి పైకి లాగింది. బొడ్డు దాకా వచ్చి ఆగింది. ఊపిరి బిగబట్టి లాగింది. ఊహూఁ. గోడకు ఆనుకుని మళ్లీ లాగింది. జిప్పు కిందికే జారింది.

మూల స్టూలు మీద కూర్చుని చూస్తున్న అమ్మకు నవ్వాగలేదు. "ఆ జిప్పు కష్టం చూడలేకపోతున్నానే, వదిలెయ్యవే! అది ఒక మనిషికి కుట్టిన జాకెట్టు. నువ్వు ఒకటిన్నర."

"కొత్త జాకెట్టు, బిగుసుకుంది" అంది అక్క.

"పొద్దుట్నుంచీ నీ చెల్లెలు వేసుకుంటే బిగుసుకోలేదే!"

"రెండు కిలోల తేడా ఉంటుందేమో మా ఇద్దరికీ. ఆ మాత్రానికే..."

"రెండా! ఓసి నీ లెక్క తగలెయ్య. ఇది కౌంటరు దగ్గర నిలబడి నిలబడి పుల్లయింది. నువ్వు షెడ్డులో కూర్చుని చిరుతిండి డబ్బాలు ఖాళీ చేసి చేసి డ్రమ్మయ్యావు. ఈ వీధిలో మీరిద్దరూ కవలలంటే నమ్మేవాళ్లు ఒక్కరున్నారా? మొన్న కొత్తగా వచ్చిన పక్కింటావిడ నిన్ను దీని మేనత్త అనుకుంది. నీ మనసెందుకు నొప్పించాలని చెప్పలేదు."

చెల్లి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అక్క నవ్వలేదు. జాకెట్టు సగం తొడుక్కునే గుమ్మంలోని తూకం మిషను వైపు చూస్తూ ఉండిపోయింది. ఊళ్లోవాళ్లందరినీ ఎక్కించిన మిషను. కాలేజీ పిల్లల్ని, బ్యాంకు మేనేజరును, ఒక పోలీసాయన్ని కూడా ఎక్కించింది. సొంత చెల్లెల్ని మాత్రం ఎక్కించలేదు. తనూ ఎక్కలేదు. ఎందుకెక్కాలి, తన ఒళ్లు తనకు తెలియదా, చెల్లి ఒళ్లు తనది కాదా? కడుపులో ఉన్నప్పటి నుంచీ ఉన్న లెక్క అది, దాన్ని ఎవరు సరిచూస్తారు?

"ఎక్కవే" అంది.

చెల్లి హెల్మెట్టూ బూట్లూ వేసుకుని ఎక్కింది. యాభై మూడు.

అక్క ఎక్కింది. ముల్లు ఊగి ఊగి డెబ్బై ఆరు దగ్గర నిలబడింది. ఇంకోసారి దిగి ఎక్కింది. అక్కడే.

అమ్మ గడియారం వైపు చూడటం మొదలుపెట్టింది, చెల్లి చేతి గ్లౌజులు సర్దుకుంటోంది. ఇద్దరికీ తెలుసు, ఇప్పుడు నవ్వితే అయిపోతారని. అక్క అటు ఇటు రెండడుగులు వేసి, "టేపు" అంది. ఇసుక సంచి కట్టింది. చెల్లిని బండి మీద కూర్చోబెట్టి, కాళ్లు ఫుట్‌రెస్టుల మీద పెట్టించి, అమ్మ చేత హ్యాండిలు పట్టించింది. ముందు కొలిచింది. వెనక కొలిచింది. వెనక నాలుగు సెంటీమీటర్లు కుంగాల్సిన బండి మూడు కుంగి ఆగిపోయింది. ముందూ అంతే, అర సెంటీమీటరు పైగా తక్కువ. ఫోర్కు గొట్టానికి తను కట్టిన ప్లాస్టిక్ ట్యాగును అప్పుడు చూసింది. బండి కుంగినప్పుడల్లా అది పైకి జరిగి, ఎంత దూరం కుంగిందో చూపిస్తుంది. కొండంతా దిగొచ్చినా ట్యాగు సగంలోనే ఉంది. పాపం, స్ప్రింగు తన పనిలో సగం కూడా చెయ్యలేదు. మిగతా సగం డబ్బా మోసింది, చెల్లి నడుము మోసింది.

అక్క నేల మీద చతికిలబడింది.

"డెబ్బై ఆరు కిలోల మనిషికి సరిపోయే బండి మీద నిన్ను కొండెక్కించాను. గతుకు తగిలితే స్ప్రింగు నొక్కుకోదు. చక్రం గాల్లోకి లేస్తుంది. మలుపులో ముందు భాగం కుంగదు, లోపలికి తిరగదు. నువ్వు చెప్పిందంతా నిజం. ప్రతి మాటా నిజం. నీకు భయం లేదు. తప్పు నాది."

చెల్లి బండి మీంచే ఆమె తల మీద చెయ్యి వేసింది. "సరే. లే. ఇప్పుడేం చెయ్యాలి?"

అక్క చేతులు దులుపుకుని లేచింది. ఏం చెయ్యాలో తెలిసిన పని ఎదురొస్తే ఆమె మొహమే మారిపోతుంది. ఆ కొత్త షాకుకు గట్టి స్ప్రింగే వేసింది. మర వదులు చేస్తే కుంగే కొలత సరిపోవచ్చు, కానీ స్ప్రింగు గట్టిదనం తగ్గదు. స్ప్రింగులే మార్చాలి. సామాన్ల కొట్టాయనకు ఫోను చేస్తే మెత్తవి వచ్చేసరికి వారమన్నాడు. ఇవాళ మంగళవారం. అక్క బరువుల పుస్తకం తీసి వేలు జరుపుకుంటూ పోయి ఒక పేరు దగ్గర ఆగింది. డ్రాయింగ్ నేర్పే బక్క మాస్టారు. యాభై నాలుగు కిలోలు. ఇదే బండి, ఇదే షాకు, కిందటేడు తనే బిగించింది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటి ముందు నిలబడింది.

"మాస్టారూ, మీ స్ప్రింగులు వారం రోజులకు కావాలి, కొత్తవి రాగానే ఇచ్చేస్తాను. వాటి బదులు మా చెల్లెలి బండివి మీకు వేస్తాను."

"ఏమిటమ్మాయ్, గొడుగు అడిగినట్టు అడుగుతున్నావ్? నీ స్ప్రింగులు ఎవరి బరువువి?"

"నావి."

ఆయన ఆమెను పైనుంచి కిందికి చూశారు, తర్వాత తనను తాను చూసుకున్నారు. "అయితే వారమంతా నడిచే వెళ్తాలే. తీసుకుపో."

ఆ మధ్యాహ్నానికల్లా మాస్టారి స్ప్రింగులు చెల్లి బండిలోకి వచ్చేశాయి. ఫోర్కుల మూతలు విప్పి, పాతవి తీసి, మెత్తవి దించి, నూనె మట్టం మళ్లీ సరిచూసి మూతలు బిగించింది. వెనక స్ప్రింగును బిగింపు పెట్టి నొక్కి మార్చింది. భోజనానికి వచ్చిన చెల్లిని ఎక్కించి కొలిచింది. వెనక నాలుగు సెంటీమీటర్లు, ముందు దానికి తగ్గట్టు. కొలత కుదిరింది. కొలతతో పని సగమే అయినట్టు. స్ప్రింగు నొక్కుకున్నాక ఎంత తొందరగా తిరిగి లేవాలన్నది మిగతా సగం. దానికి షాకు అడుగున చిన్న మర ఉంటుంది. తిప్పితే క్లిక్కు క్లిక్కుమంటుంది. వరస గతుకుల్లో చక్రం మరీ నెమ్మదిగా లేస్తే, లేచేలోపే ఇంకో గతుకు వచ్చి నొక్కేస్తుంది. మరీ తొందరగా లేస్తే బండి గంతులేస్తుంది.

బుధవారం సాయంత్రం చెల్లి డ్యూటీ దిగగానే పదకొండో మలుపు దగ్గరికి వెళ్లారు. అక్క రోడ్డు పక్క రాయి మీద స్పానర్లు పరుచుకుని కూర్చుంది. చెల్లి మలుపు దిగి, తిరిగొచ్చి ఆగేది.

ఎప్పుడూ అయితే అక్క తనే నడిపి, తనే తేల్చేది. ఆ రోజు ఒక్కసారి కూడా బండి ఎక్కలేదు. అడిగింది.

"ఏమంది?"

"తన్నడం లేదు. కానీ మూడో గతుకు దగ్గరికొచ్చేసరికి కుంగిపోయి ఉంటోంది. ఊపిరి తీసుకోనట్టు."

అక్క వెనక మర రెండు క్లిక్కులు వదులు చేసింది. చెల్లి వెళ్లొచ్చింది.

"ఇప్పుడు?"

"ఊపిరి తీసుకుంటోంది. మలుపు మధ్యలో మాత్రం కొంచెం ఊగుతోంది."

"ఒక క్లిక్కు వెనక్కి. ముందు చక్రం?"

"ముందు నేను ఎటు చూస్తే అటు పోతోందక్కా. నేను తిప్పడం లేదు. చూస్తున్నానంతే."

ఈ మాట అక్క వేరేవాళ్ల నోట వందసార్లు విని ఉంటుంది. చెల్లి నోట వినడం అదే మొదలు. ఇన్నేళ్లూ చెల్లికి బండి ఎలా ఉందో చెల్లిని అడగాలని ఆమెకు తోచనే లేదు.

గురువారం ఎనిమిదింటికి ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. చెల్లి డబ్బా తెచ్చుకోవడానికి బండి మీద కొండపైకి వెళ్లింది. అక్క సోడాబుడ్డి గదిలోకి వెళ్లి, కుర్చీ చూపించినా కూర్చోకుండా నిలబడింది.

"సార్, మొన్న నేను చెప్పింది తప్పు. బండి బాగాలేదు. నా బరువుకు బిగించాను. ఆ పిల్ల తడబాటు లేకుండానే నడిపింది, కుదుపు బండిది. మీ కాగితం మీద రాసింది కొట్టెయ్యండి."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇవాళ్టి పరీక్ష అయ్యాక చెప్తే సరిపోయేది కదమ్మా?"

"ఇవాళ తెల్లచుక్క వస్తే, ధైర్యం తెచ్చుకుని బాగా నడిపిందని రాస్తారు. అది ముందు నుంచీ బాగానే నడిపింది. అందుకే ముందే చెప్తున్నాను."

"ఇవాళ కూడా ఎర్రబడితే?"

"ఎర్రబడదు సార్."

అంత నమ్మకంగా అనేసరికి ఆయనకు నవ్వొచ్చింది. కళ్లద్దాలు పెట్టుకుని, కాగితం తీసి, పాత మాట మీద అడ్డంగా గీత గీశాడు. పక్కన ఏదో రాశాడు. ఏం రాశాడో చూపించలేదు, అక్కా అడగలేదు.

గేటు దగ్గర ముగ్గురు నలుగురు నర్సులు చేరారు, ల్యాబు కౌంటరు వాళ్లు కిటికీలోంచి తొంగి చూస్తున్నారు. అమ్మ కూడా వచ్చింది, మోకాళ్లు నొప్పులంటూనే మెట్ల మీద ముందు వరసలో కూర్చుంది. తొమ్మిది నలభైకి రావాలి. తొమ్మిది ముప్పై ఆరుకి బండి చప్పుడు వినిపించింది.

అక్క ఆ చప్పుడు విని కళ్లు మూసుకుంది. గేటు ముందు రోడ్డు తవ్వి పూడ్చిన చోటొకటి ఉంది. అక్కడికి రాగానే ఏ బండైనా ధబీమంటుంది. చెల్లి బండి దాని మీదుగా వచ్చింది. మెత్తగా ఒక్క శబ్దం, దుప్పటి దులిపినట్టు. అంతే.

"వచ్చేసింది" అంది అక్క, కళ్లు తెరవకుండానే.

సోడాబుడ్డి డబ్బా దించి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అలా పెట్టుకుని చాలాసేపు చూశాడు. వెలుతురులోకి తిప్పి చూశాడు. వేలితో రుద్ది చూశాడు.

"ఏమండీ, దాన్ని తింటారా ఏమిటి?" అంది అమ్మ మెట్ల మీంచి.

"తెలుపు" అన్నాడాయన. "తెల్లగా ఉంది. ముప్పై ఆరు నిమిషాలు." డబ్బా మూత తెరిచి గొట్టాల్లో ఒకటి పైకి తీసి చూసి, కిటికీ వైపు తిరిగి, "రక్తం బాగుందర్రా, తీసుకోండి" అని కేకేశాడు. తర్వాత చెల్లితో, "రేపు పొద్దున ఆరింటికి మొదటి డబ్బా. లోపలికొచ్చి సంతకం పెట్టమ్మా" అన్నాడు.

నర్సులు చప్పట్లు కొట్టారు. చెల్లి బండి దిగలేదు. హెల్మెట్ అద్దం పైకెత్తి అక్క వైపు చూసింది. అక్క బండి చుట్టూ తిరిగి ఫోర్కు దగ్గర కూర్చుంది. ట్యాగు పైదాకా వచ్చింది, కొసకు ఇంకా వేలెడు మిగిలి ఉంది. స్ప్రింగు తన పనంతా తనే చేసింది.

"ఏమంది?" అంది అక్క.

"పదకొండో మలుపు బాగుంది. పదిహేనులో బ్రేకు వేస్తే ముక్కు కొంచెం ఎక్కువ వంగింది. రోజూ దిగాలంటే అది సరిచెయ్యాలి."

"ముందు నూనె ఇంకొంచెం చిక్కటిది పోస్తే సరి. ఎంతో నువ్వే చెప్పాలి."

"సాయంత్రం ఐదింటికి షెడ్డుకొస్తాను" అని చెల్లి బండి స్టాండు వేసి, సంతకం పెట్టడానికి లోపలికి వెళ్లింది.